ఎడమవైపు సీటు

విమానాశ్రయంలో అందరూ ఆమెను కెప్టెనమ్మ అంటారు. ఆమె నడిపేది పెద్ద విమానమేమీ కాదు. రెండు ప్రొపెల్లర్లు, డెబ్బై సీట్లు. వెనక వరుసలో ఎవరైనా తుమ్మితే ముందు వరుసకు వినిపిస్తుంది. దాని మోతకు పెద్ద కంపెనీల పైలట్లు మిక్సీ అని పేరు పెట్టారు. పెట్టుకోనీండి, వాళ్ల సొమ్మేం పోయింది.

పెద్ద విమానాలు మేఘాలను కిందికి వదిలేసి పోతాయి. ఇది వాటి మధ్యలోంచే పోతుంది. పొద్దుటి తొలి ఫ్లయిటు వేళకు నది మీద పొగమంచు ఇంకా లేవదు. ఆ మంచు మీద విమానం నీడ పడుతుంది, నీడ చుట్టూ చిన్న రంగుల వలయం. అది కాసేపు చిన్నదై, కాసేపు పెద్దదై పక్కనే వస్తూ ఉంటుంది. పన్నెండేళ్లుగా చూస్తున్నా ఆమెకు తనివి తీరలేదు. ఆ కాసేపూ తను విమానం నడుపుతున్నట్టే ఉండదు, ఎవరో తనను జోకొడుతున్నట్టు ఉంటుంది. పైలట్ అనే మనిషి అనాల్సిన మాట కాదు కనుక ఎవరితోనూ అనలేదు.

ఆ తొలి ఫ్లయిటు ఊరికే రాలేదు. పైలట్ల లోకంలో అన్నిటికీ వరుస నంబరే. ముందు చేరినవాళ్లు ముందు. నెలనెలా వాళ్లు కోరుకోగా మిగిలినవే తర్వాతివాళ్లకు. కంపెనీలో ఉన్న పదిమంది కెప్టెన్లలో ఆమెది మూడో నంబరు. ఇంకో కంపెనీకి మారితే ఎంత అనుభవమున్నా అక్కడ ఆఖరున నిలబడాల్సిందే.

పదకొండో నంబరు మాస్టారిది. ఆమె పక్కన కుడివైపు సీట్లో కూర్చునే కో-పైలట్ ఆయనే. స్కూల్లో లెక్కలు చెప్పి చెప్పి, నడివయసులో ఉన్నదంతా ఊడ్చిపెట్టి పైలట్ అయ్యాడు. ఇప్పుడు అరవై రెండు. అరవై అయిదుకు అందరూ దిగిపోవాల్సిందే. పైన ఒకరు ఖాళీ చేస్తేనే ఆయన ఎడమవైపు సీటుకు, కెప్టెన్ జీతానికి జరిగేది.

అలాంటి రోజుల్లో కెప్టెనమ్మకు పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది. జవాబు శుక్రవారంలోగా చెప్పాలి. కొన్నేళ్లు కో-పైలట్‌గా చేయాలి, అయినా ఇప్పటికంటే జీతం ఎక్కువ. మళ్లీ కెప్టెన్ అయ్యాక మూడింతలు. ఇక్కడేమో విమానం గేటు దగ్గర్నుంచి కదిలాక గడిచిన గంటలకే డబ్బు. మంచు విడిచేదాకా సీట్లో కూర్చున్న గంటలన్నీ గాల్లో కలిసిపోతాయి.

ఈ పిలుపుకు ముందు వాళ్లు పెట్టిన పరీక్షలో ఒక తమాషా జరిగింది. వాళ్ల పెద్ద విమానం జెట్, అందులో ప్రొపెల్లర్ మీట ఉండదు. ఆమె చెయ్యి మాత్రం లేని మీటకోసం రెండుసార్లు తడిమింది.

“పోతుందిలెండి, మూడు నెలల్లో ఆ అలవాటు పోతుంది,” అన్నాడు పరీక్ష పెట్టినాయన నవ్వుతూ.

ఆయన ధైర్యం చెప్పబోయాడు. ఆమెకేమో గుండెలో కలుక్కుమంది.

గురువారం భర్త కళ్లజోళ్ల షాపుకు వెళ్లి కూర్చుంది. ఆయన ఒక అద్దాన్ని దీపానికి ఎదురుగా ఎత్తి చూస్తున్నాడు.

“నేను వెళ్లకపోతే ఇల్లు గడవదంటారా?”

“ఇప్పుడు గడవడం లేదూ? కాకపోతే ఒక్క మాట. రేపు ఆ పెద్ద విమానాలను చూసి నా దగ్గర నిట్టూర్చకు.”

“నిట్టూర్చను.”

“అయితే నీ మనసు ఎటుందో నీకు తెలిసిపోయినట్టే.”

మాస్టారినీ అడిగింది. “మీ ఇష్టం కెప్టెనమ్మా. ఎటెళ్లినా చక్కగానే నడుపుతారు,” అన్నాడాయన, మ్యాపు మడతపెడుతూ.

శుక్రవారం పొద్దున్నే, కాఫీ తాగకముందే, రాలేనని రాసి పంపేసింది. గుండెల మీంచి బండ దించినట్టయింది. విమానాశ్రయానికి దాదాపు తేలుతూ వచ్చింది. కాక్‌పిట్‌లో బెల్టు బిగించుకుంటూ చెప్పేసింది.

“మాస్టారూ, నేనెక్కడికీ వెళ్లడం లేదు.”

మాస్టారు అద్దంలోంచి మంచుకేసి చూశాడు. “మంచిదమ్మా,” అన్నాడు. “మంచి మాట చెప్పారు.”

బయల్దేరే ముందు ఒకరు పట్టికలో ఒక్కో వరుసా పైకి చదవాలి, రెండోవాళ్లు ఆ మీటను చూసి జవాబు చెప్పాలి. మాస్టారు పిల్లలచేత ఎక్కాలు చెప్పించినట్టు చదువుతాడు. ఇన్నేళ్లలో ఒక్క వరుసా తప్పిపోలేదు. ఇవాళ నాలుగోది చదివి ఆరోదానికి పోయాడు. పోయినట్టు ఆయనకు తెలియదు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. వారంపాటు ఇంటి గురించి, జీతం గురించి, నది గురించి ఆలోచించింది. చెయ్యి చాస్తే తగిలే దూరంలో ఉన్న ఈ మనిషి వరుస నంబరు ఆ ఆలోచనల్లో ఒక్కసారీ రాలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా, నిజం ఒప్పుకోవాలంటే, పంపిన జవాబును వెనక్కి తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు.

అయిదో వరుసను తనే చదివి, తనే జవాబు చెప్పింది.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. “క్షమించండి కెప్టెనమ్మా, పొరపాటైంది.”

అది తను అనాల్సిన మాట. “ఆరోది చదవండి మాస్టారూ,” అంది.