గుండీల పిన్ని బోర్డు

రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి చొక్కాలకు గుండీలు కుట్టీ కుట్టీ ఆమెకు గుండీల పిన్ని అనే పేరు స్థిరపడిపోయింది. ఫ్యాక్టరీ మూతపడితే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునే రకం కాదు. వీధి మలుపులో గది అద్దెకు తీసుకుని, మిషను వేసుకుంది. బోర్డు మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలంది.

"టైలర్ అని రాయిస్తే పోలా?" అన్నాడు భర్త.

"వీధికి నలుగురు టైలర్లున్నారండీ. నాది వేరేగా ఉండాలి."

కొత్తగా నేర్చుకుంటున్న ఇంగ్లీషు మీద ఆమెకు కొండంత ధీమా. టీచ్ చేస్తే టీచర్, డ్రైవ్ చేస్తే డ్రైవర్. సో అంటే కుట్టడం కాబట్టి, కుట్టే మనిషి సోయర్. ఎస్, ఈ, డబ్ల్యూ, ఈ, ఆర్ అని గది వెడల్పునా ఎర్రగా రాయించింది.

కింద ఫోన్ నంబరు చూసి పొద్దున్నే ఎవరో చేశారు.

"మాది మూసుకుపోయిందమ్మా. కాస్త చూడాలి."

"మెడా, చెయ్యా? కత్తిరించి వెడల్పు చేస్తాను, పట్టుకురండి."

"పట్టుకురావడమేంటమ్మా? వీధిలోకి పారుతుంటేను."

"అంత పొడుగైతే కింద మడిచి కుడతా లెండి."

అవతల ఫోన్ పెట్టేశారు. మధ్యాహ్నం ఒకాయన ఏకంగా పొడవాటి వెదురుబద్ద భుజాన వేసుకొచ్చి, "సామాను నాదే, మనిషిని పంపండి చాలు" అన్నాడు. పిన్ని కంగారులో టేపు తీసి బద్దను కొలవబోయింది.

సాయంత్రం ఇంగ్లీషు పంతులమ్మగా పనిచేసే ఆడపడుచు వచ్చింది. బోర్డు చూసి, నవ్వాపుకోలేక గుమ్మంలోనే కూలబడింది.

"నీ మాట తప్పు కాదు వదినా. సోయర్ అంటే కుట్టే మనిషే. కానీ అవే అక్షరాల్ని స్యూవర్ అని చదివితే మురుగు కాలువ. జనం అదే చదువుతున్నారు."

పిన్ని ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. అంతలో పొద్దుటి ఫోను గుర్తొచ్చింది. "మడిచి కుడతానన్నానే" అంటూ ఆమె కూడా నవ్వుతో కడుపు పట్టుకుని కూలబడింది. భర్త కంగారుగా మంచినీళ్లు తెచ్చి, సంగతి విని, తానే తాగితే పొలమారింది.

బోర్డు తీసేద్దామంటే ఆమె వినలేదు. పక్కన సూదీ దారం బొమ్మ వేయించింది. అయినా కాలువల కోసం వచ్చేవాళ్లు వస్తూనే ఉంటే, వాళ్లను వెనక వీధి ప్లంబరు దగ్గరికి పంపేది. బేరాలు పెరిగిన ప్లంబరు, తన పనివాళ్లందరి యూనిఫారాలూ ఆమెకే ఇచ్చాడు. పని చేతికి మించడంతో పిన్ని ఫ్యాక్టరీనాటి స్నేహితురాలిని తోడు పిలుచుకుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కుడుతుంటే, దారినపోయేవాళ్లకు మిషన్ల చప్పుడు కంటే నవ్వులే ముందు వినిపించేవి.