నూజివీడుకు సముద్రం అక్కర్లేదన్నవాడు

నూజివీడుకు సముద్రాన్ని తెచ్చినవాణ్ణి నేనే. హాలు నిండా టీచర్లు చూస్తుండగా, పట్నం నుంచి వచ్చిన శిక్షకుడి చేతిలో మైకు లాక్కుని, అతని చేత తప్పు ఒప్పించాను.

మొన్న మాఘంలో సంగతి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సముద్రాల గురించీ, మారిపోతున్న వాతావరణం గురించీ ఎలా చెప్పాలో టీచర్లకు శిక్షణ పెట్టారు. సైన్సు టీచరైన మా కోడలు వెళ్తుంటే, నేనూ ఒకప్పుడు సైన్సు మాస్టార్నే కదా అని వెనకాలే బయల్దేరాను. భోజనాలకు ముందు ఆ శిక్షకుడు నవ్వుతూ అన్నాడు: "మీ ఏరియాకి బీచ్ లేదు కదండీ. సముద్రం పాఠం స్కిప్ చేసేయండి. పిల్లల చేత చెట్లు నాటిస్తే చాలు."

చెట్లట! చాట్రాయి దాకా మామిడిచెట్లు తప్ప ఇంకేమున్నాయి?

ఒళ్ళు మండిపోయింది. మా దగ్గర తోటను కాయ చూసి కాదు, పూత చూసి అమ్ముతాం. ఆ వారమే, కాలం కాని కాలంలో, బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. పూత మీద వాన కొట్టి నల్లగా మాడ్చేసింది. మా తోట బేరానికొచ్చిన వర్తకుడు కారు దిగకుండానే హనుమాన్ జంక్షన్ వైపు తిప్పుకుపోయాడు. టీవీలో అల్పపీడనం అన్నారంటే ఇక్కడి ఇళ్ళలో కంచం ముందు నుంచి లేచి తోటకి పరిగెడతారు. ఆ ఇళ్ళ పిల్లలకా సముద్రం అక్కర్లేనిది? తమ పూత ఎందుకు మాడుతోందో బళ్ళో చెప్పకపోతే ఎవరు చెబుతారు, చిలక జోస్యంవాడా?

సరే, ఉన్నమాట చెప్పేస్తాను. మైకు లాక్కోలేదు. పొద్దున్నే విరిచి సంచిలో పెట్టుకున్న మాడిన పూతకొమ్మ పైకెత్తి నిలబడ్డాను. "సముద్రం మా తోటలోకే వచ్చిందయ్యా, చూడు!" అని మాత్రం గట్టిగానే అన్నాను. హాలు చల్లబడిపోయింది. పాఠం నిలబడింది.

ఇంతవరకూ రాసి కోడలికి చదివి వినిపించాను. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తలేదు.

"చల్లబడ్డం ఏంటి మావయ్యగారూ? కోపంతో మీరు కొమ్మ ఊపేసరికి, పూతంతా ముందు వరస మేడమ్ జళ్ళో రాలింది. అందరూ నవ్వారు. మీరు వంగి పూత ఏరుకుంటున్నారు. సముద్రం మాట అన్నది నేను."

"ఎవరంటే ఏంటమ్మా, పాఠం ఉంచాడుగా!"

"ఎక్కడుంచాడు? 'చూద్దాం మేడమ్' అని భోజనానికి వెళ్ళిపోయాడు. పాఠం తీసేసే ఉంది. సోమవారం నైన్త్ వాళ్ళకి నేనే చెప్పేస్తున్నాను. ఆ కొమ్మ ఇవ్వండి చాలు. మీరు రావద్దు."