పసుపు పూసిన లారీ

హిందూపురం బెల్లం మండీలో మా లారీని చూసినవాళ్ళు మా ఆయనను మెచ్చుకునేవారు. "బండిని పెండ్లికూతురు మాదిరి పెట్టుకున్నావు గదప్పా" అనేవారట. ఈ మాటలు నేను మండీకి పోయి విన్నవి కావు. ఆయనే వాటిని ఇంటికి మోసుకొచ్చి, నేను వడ్డిస్తుంటే అన్నం తింటూ నాకే చెప్పేవాడు. "మా ఇంట్లోది తుడుస్తాది" అని మండీలో ఒక్కసారైనా అన్నావా అని అడిగాను. "అట్లంటే నవ్వుతారే" అన్నాడు. ఆ మాట అన్న పూట చేసిన కూర ఏమిటో కూడా నాకు జ్ఞాపకం ఉంది. అలసందల కూర.

నేను ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టాను. యాభైల చివర్లో హిందూపురానికి, లారీ ఉన్న ఇంటికి కోడలిగా వచ్చాను. నా పెళ్ళి పందిట్లోనే మా మేనత్త, అంటే మా నాయన చెల్లెలు, నాకు వినపడాలనే గొంతుతో అంది: "పట్టు పట్టుకున్న చేతుల్ని తీసకపోయి గ్రీసు చేతుల్లో పెట్టినారు." పక్కనున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. శుభకార్యంలో అన్న మాటలు మనసులో పెట్టుకోకూడదని మా అమ్మ చెప్పింది. శుభకార్యంలో అనకూడదని ఆమెకు ఎవరూ ఎందుకు చెప్పలేదో మరి.

అప్పటి నుంచి నాకు ఒకే కోరిక. ఆ లారీలో ముందు సీటులో కూర్చుని ధర్మవరంలో మా పుట్టింటి వీధికి పోవాలి. ఆ మేనత్త బయటికొచ్చి బండిని చూడాలి. దాని రంగులో ఆమె మొహం ఆమెకే కనపడాలి.

లారీకి తలుపులు, బానెట్టు మీగడ రంగు. చక్రాల మీది రేకులు ఆకుపచ్చ. రంగు కొత్తగా వేయించినప్పుడు అద్దంలాగే ఉండేది. కానీ మా సీమ దుమ్ము మామూలు దుమ్ము కాదు, సన్నటి ఇసుక. క్లీనరు పొద్దున్నే పొడి గుడ్డతో దాన్ని బరబరా రుద్దేవాడు. నెల తిరగకముందే అద్దం పోయి సున్నం గోడ కనపడింది. నేను ఆ గుడ్డ లాక్కుని పొయ్యిలో పెట్టాను. ఆనాటి నుంచి ఆ పని నాదైంది.

ముందు నీళ్ళు పోయాలి, దుమ్ము తనంతట తాను జారాలి, ఆ తర్వాతే గుడ్డ తగలాలి. పట్నంలో చాలా బావులవి ఉప్పు నీళ్ళు. అవి ఆరితే రంగు మీద తెల్ల మచ్చలు పడతాయి. కాబట్టి కడిగేది ఉప్పు నీళ్ళతోనైనా, చివర ఒక బిందె మంచినీళ్ళు పోసేదాన్ని. తాగే నీళ్ళు లారీకి పోస్తుందని వీధంతా చెప్పుకున్నారు. ఆ బిందె మోసింది నేను, వాళ్ళు కాదు. బెల్లం లోడు దిగిన రోజు పాకం కారిన చోట చీమలు చేరకముందే తడిగుడ్డ వేసి నానబెట్టాలి. కాకి రెట్ట పడితే ఎండకముందే తీయాలి. ఎండిందంటే రంగును కొరుకుతుంది. ఎండలో కాలే రేకు మీద నీళ్ళు పోయకూడదు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఈత మట్టలతో పందిరి వేయించింది అందుకే. వారానికొకసారి తేనె మైనాన్ని వేరుశనగ నూనెలో కరిగించి, చల్లార్చి, పల్చగా పట్టించేదాన్ని. తర్వాత మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న పట్టు పీచుతో, మగ్గం కింద మిగిలే ఆ ముక్కలతో, మెత్తగా రుద్దాలి. పట్టు పీచు గీతలు పెట్టదు. మెరుపు కొంచెం కొంచెంగా పైకి వచ్చేది. ఆ మెరుపు వస్తున్నంతసేపు నాకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు. అదొక్కటే ఆ పనిలో సుఖం.

అరవైల మొదట్లో మా చెల్లెలి పెళ్ళి కుదిరింది, ధర్మవరంలోనే. లారీలో తీసుకుపోతానని మా ఆయన మాటిచ్చాడు. మా తోడికోడలు కూడా వస్తానంది. ఆమె మా బావగారి భార్య, నాకన్నా పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. లారీని ఒక్కసారి కూడా తాకి ఎరగదు. పైగా, "ఏమ్మే, మొగుని కాళ్ళు పిసికినా పుణ్యం వస్తాది, బండికి పిసికితే ఏమొస్తాదే?" అని నలుగురిలో ఎగతాళి చేసేది.

బయలుదేరే ముందు రోజంతా మైనం పట్టించాను. తెల్లారి లేచి చూస్తే మీగడ రంగు లేదు. బానెట్టు నిండా, రెండు తలుపుల నిండా పసుపు. సున్నిపిండిలో పసుపు, నువ్వుల నూనె కలిపి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు మా తోడికోడలు లారీకి నలుగు పెట్టింది.

"ఏందక్కా ఇది?"

"నలుగు. పెండ్లికి పొయ్యే బండి ఉత్త మొగంతో పోతాదా?"

"మూలకు ఒక బొట్టు పెడితే చాలదా? మైనం పట్టించి పెట్టుండాను గదా!"

"ఒక బొట్టు ఎవరికి కనపడుతాది? అందుకే నిండుగ పెట్టినా. పసుపు పెడితే ఏడ్చే మొగాన్ని ఇప్పుడే చూస్తాండా, తల్లీ."

పసుపు పెట్టినవాళ్ళను ఏమీ అనకూడదు. ఆమెకు అది తెలుసు. నేను బిందె తీసుకుని బావి దగ్గరికి పోయాను. నువ్వుల నూనె మైనాన్ని కరిగించింది, పసుపు బండి రంగులోకి దిగింది. మామూలు నీళ్ళకు పిండి పోయింది గానీ పసుపు పోలేదు. మా పుట్టింట్లో పట్టును ఉడకబెట్టడానికి వాడే సోడా కొంత నా దగ్గర ఉండేది. జిడ్డు పట్టిన చక్రాలకు వాడేదాన్ని. ఆ కోపంలో అదే నీళ్ళలో కలిపి బానెట్టు మీద, తలుపుల మీద పోశాను.

పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుంది. సోడా పడినా అంతే. చూస్తుండగానే పసుపంతా ఎర్రబడింది. తలుపుల మీద ధారలు ధారలుగా, బానెట్టు ముందర గడ్డకట్టినట్టు ఎరుపు. దాని మీద మా ఉప్పు నీళ్ళు ఎన్ని పోసినా ఇంకా ముదిరింది. సోడా పోసింది నేనే కదా అని తర్వాత చాలామంది అన్నారు. పసుపు పూయకపోతే సోడా ఎందుకు పోస్తాను?

మా ఆయన వచ్చి చూశాడు. "ఇది వద్దే. రైలుకు పోదాం. ఈ మొగంతో బండి వస్తే పెండ్లివారు జడుసుకుంటారు" అన్నాడు.

"రైలుకు పోవల్లంటే నువ్వు పో. నేను ఈ బండిలోనే పోతా."

"నీకు నడిపేకి వచ్చునా?"

"రాదు. బండి కదిలేదాకా సీట్లో కూర్చుంటా."

కూర్చున్నాను. తోడికోడలు కూడా ఎక్కి నాకూ మా ఆయనకూ మధ్య కూర్చుని, వక్కాకు సంచి తెరిచింది. మరి దారి లేక ఆయన బండి తీశాడు.

పెనుకొండలో, కొండ కింద రోడ్డు పక్కనున్న హోటలు ముందు కాఫీకి ఆపాడు. ఆపీ ఆపకముందే జనం చుట్టుకున్నారు.

"ఏమబ్బా, యాడ గుద్దినావు?"

"ఎవర్నీ గుద్దలేదప్పా. పసుపది."

"పసుపు ఎర్రగుండేది మీ హిందూపురంలోనా?"

"ఎనుమును గుద్దింటాడులేప్పా. మనిషినైతే ఇంత నిమ్మళంగా కాఫీకి నిలబెడ్తాడా?" అని ఇంకొకడు.

"మొగుడూ పెండ్లాం ఇద్దరూ గమ్ముగుండారు చూడు. ఏందో ఉండాది."

అప్పుడు మా ఆయన అన్న మాట ఇది: "మా ఇంట్లో ఆడోళ్ళు చేసిన పనప్పా. వాళ్ళకు పొద్దుపోక." అందరూ నవ్వారు. ఆడోళ్ళు! పూసినదాన్నీ, ఏళ్ళ తరబడి తుడిచినదాన్నీ ఒకే మూటలో కట్టేశాడు. పూసినది నా పక్కనే వక్క నములుతూ తానూ నవ్వింది.

నేను దిగాను. దారి పొడవునా నోరు మూసుకుని కూర్చున్నందుకు కోపం కాస్త అణిగి, బుద్ధి పని చేయసాగింది. చీర మీది పసుపు మరక సబ్బు తగిలి ఎర్రబడితే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? హోటలు వెనక గిన్నెలు తోముతున్న ఆమె దగ్గరికి పోయాను.

"నానబెట్టిన చింతపండు ఉంటే రవంత పెట్టమ్మా."

"చారుకు నానేసిండా. ఆకలైతాందా?"

"నాకు గాదు. లారీకి తాపల్ల."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, ఎందుకైనా మంచిదని గిన్నె ఇచ్చేసింది. బెల్లంతో పాటు చింతపండు మండీ కూడా ఉన్న ఊరి నుంచి వచ్చి పెనుకొండలో చింతపండు అడుక్కోవలసి వచ్చింది. అది కూడా నా లెక్కలో ఉంది.

పట్టు పీచును పులుసులో ముంచి తలుపు మీద అద్దాను. అద్దిన చోటల్లా ఎరుపు విరిగి పసుపు వచ్చింది. జనం దగ్గరికి జరిగారు. "పసుపేలే" అన్నాడు ఎనుము సంగతి చెప్పినవాడు, కొంచెం దిగులుగా. "నేను ముందరనే చెప్పలేదా పసుపని?" అని, యాడ గుద్దినావని మొట్టమొదట అడిగినవాడే అన్నాడు. పులుపు నిలిస్తే రంగు మెరుపును తినేస్తుంది. అందుకని వెంటనే రెండు బిందెలు మంచినీళ్ళు అడిగి కడిగాను.

ఎరుపు పోయింది, పసుపు మిగిలింది. పసుపు రంగు ఎండకు నిలవదని మగ్గాల ఇళ్ళలో అందరికీ తెలుసు. అందుకే పట్టుకు ఎవరూ పసుపుతో రంగు వేయరు. ఎండ తగలకుండా అన్నేళ్ళు పందిరి కింద దాచిన బండిని నేనే ఎండలో నిలబెట్టమన్నాను. "రేపటిదాకా ఈడనే నిలబెడ్తే ముహూర్తం నిలబడుతాదా?" అని మా ఆయన బండెక్కాడు. ఆయన అన్నది నిజమే. అందుకని ఇంకా కోపం వచ్చింది.

పొద్దు వాలుతుండగా ధర్మవరంలో మా వీధికి చేరాం. పందిట్లో ఉన్నవాళ్ళందరూ లారీ చప్పుడుకు బయటికొచ్చారు. మా అత్త అందరికన్నా ముందు వచ్చింది. ఏటవాలు ఎండలో బండి నిండా పసుపు మెరుస్తోంది. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన ఘడియ ఇదీ, ఇట్లా వచ్చిందీ అనుకున్నాను.

"అబ్బ! ఎంత ముచ్చటగుండాదమ్మా!" అంది మా అత్త. "బండికి నలుగు పెట్టి తోడుకోనొచ్చినారే! ఎవరికి తోచింది ఇంత తెలివి?"

నేను దిగేలోపల మా తోడికోడలు నన్ను దాటుకుని దిగింది. "నాకే తోచిందమ్మా. మా చెల్లెలు వద్దు వద్దు అనింది" అని నన్ను చూపించి నవ్వింది.

మా అత్త ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆడవాళ్ళు బానెట్టుకు కుంకుమ బొట్లు పెట్టారు. పెళ్ళి జరిగినంతసేపూ పసుపు లారీ మాటే. పెళ్ళికొడుకు తల్లి కూడా మా తోడికోడలిని పిలిపించుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ళు బండిని తక్కువ చేసి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. మెచ్చుకున్నారు, గౌరవించారు, దాన్ని పంపిన ఇంటిని పొగిడారు. నేను కోరిందంతా జరిగింది. అందులో నాది మాత్రం ఏమీ లేదు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియకపోవడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు ముహూర్తం అయి, భోజనాలు సర్దుమణిగాక, లారీని కడిగి వీధి చివర మంచి ఎండలో పెట్టించాను. పొద్దు తిరిగేసరికి ఎండ పడిన వైపు పసుపు చాలావరకు పోయి మీగడ రంగు బయటపడింది. పట్టు పీచుతో తుడుస్తుంటే మా నాయన వచ్చాడు. ఆయన ఏదైనా చూసేటప్పుడు ఎదురుగా చూడడు. మగ్గం మీది చీరను చూసినట్టు తల వంచి, పక్కనుంచి వెలుతురుకు చూస్తాడు. డ్రైవరు వైపు తలుపును అంచు నుంచి అంచుకు చూశాడు. మునివేళ్ళతో కాకుండా చేతి వెనక వైపుతో నిమిరాడు. పిడి దగ్గర ఆగిపోయాడు.

"ఈడ గీతలుండాయి" అన్నాడు.

నేను వంగి చూశాను. నిజంగానే ఉన్నాయి. వెంట్రుకంత సన్నంగా, వంపుగా, ఒకదాని మీద ఒకటి.

"గాజులు తగిలిన గీతలమ్మా ఇవి. ఈ బండిని తుడిచేది నువ్వేనా?"

"నేను గాక ఇంకెవరుండారు నాయనా?"

"తుడిచిన చెయ్యి ఒక్కటే. ఒక పక్కకే పొయ్యింది చూడు, మొదట్నుంచీ. తుడిచేటప్పుడు గాజులు మోచేతికి తోసుకోవల్ల. మీయమ్మ మగ్గం మింద కూర్చుంటే అట్లనే తోసుకుంటాది. నీకు చెప్పలేదా?"

"ఇంత బండిలో నీకు ఆ గీతలే కనపడినాయా?"

ఆయన ఇంకోసారి పక్కనుంచి చూసి, తలుపును అరచేత్తో రెండుసార్లు తట్టి, పందిట్లోకి పోయాడు. బాగుంది అనలేదు. అనడానికి ఏమైంది అని చాలా రోజులు గొణుక్కున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు గొణుగుతాను. కానీ నాకు తెలిసి, ఆ బండి దగ్గర అంతసేపు నిలబడి చూసినవాడు ఆయనొక్కడే.

తిరిగి వస్తుంటే మా ఆయనతో ఆ గీతల మాట ఎత్తాను. తోడికోడలు కిటికీ పక్కన నిద్రపోతోంది.

"యా గీతలు?" అన్నాడు.

ఇన్నేళ్ళూ రోజూ ఆ పిడి పట్టుకునే ఆ తలుపు తీసి ఎక్కినవాడు.