మా వియ్యపురాలు విడిచిన మడి

మా వియ్యపురాలు పోయింది. హిందూపురంలో కూతురింటికని వెళ్ళి, మధ్యాహ్నం భోంచేసి, కాస్త నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఆ ఫోను వచ్చినప్పుడు నేను బెంగళూరులో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాటులో, బాత్రూం తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాను. లోపల మనవరాలు చేతులు కడుక్కుంటోంది. నిజానికి ఆ పీట ఆవిడది. ఊరెళ్తూ, "రెండు దినాలే కదా వదినా, నువ్వు చూసుకో" అని నాకు అప్పగించింది. "రెండంటే రెండే. మూడో రోజు నుంచి నా నడుం ఒప్పుకోదు" అన్నాను. నేను ఆవిడతో అన్న చివరి మాట అదే. ఇంతకన్నా మంచిది ఏదైనా అని ఉండొచ్చు గానీ, మా మధ్య మాటలు ఎప్పుడూ ఆ తరహావే.

ఆవిడ మా అల్లుడి తల్లి. వాళ్ళ తాతలు హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరు పేటలో బట్టల కొట్టు పెట్టుకున్నారు. నేను ఒంగోలులో బోటనీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. ఇద్దరం భర్తలు పోయినవాళ్ళం. కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగాల్లో ఉండటంతో, పిల్లని చూసుకోవడానికని ఒకే ఫ్లాటులో వచ్చి పడ్డాం. నా తెలుగుని ఆవిడ 'పుస్తకం మాటలు' అనేది. ఆవిడ తెలుగుని నేనేమనేదాన్నో పోయిన మనిషి గురించి రాస్తూ చెప్పడం బాగుండదు.

ఆవిడకి మడి ప్రాణం. ఉతికిన చీరను బాల్కనీలో ఎత్తుగా కట్టిన దండెం మీద కర్రతో ఆరేసి, ఎవరూ తాకకుండా కాపలా కాసి, మర్నాడు తలస్నానం చేసి అది కట్టుకునేది. నైవేద్యం అయ్యేదాకా ఆవిడను ఎవరూ ముట్టుకోకూడదు. పూలకోసం కిందికి వెళ్ళాల్సి వస్తే లిఫ్టు మీటను మోచేత్తో నొక్కేది. "వదినగారూ, ఆ మోచేతికి మడి అక్కర్లేదా?" అని అడిగానొకసారి. "మోచేత్తో వంట చేస్తానా ఏంది?" అంది.

మనవరాలికి ఎనిమిదేళ్ళప్పుడు ఒక వారం గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. తగ్గాయి. మళ్ళీ బడికి వెళ్ళింది. కొన్నాళ్ళకి ఆ పిల్ల కూడా లిఫ్టు మీటను మోచేత్తో నొక్కడం మొదలుపెట్టింది.

వాళ్ళ అవ్వ సంతోషం చూడాలి. "చూడు వదినా, నా మనవరాలు ఎట్లుండాదో. మీ బోటనీలో ఇది చెప్తారా?" అంది. హిందూపురానికీ, బళ్ళారికీ ఫోన్లు చేసి చుట్టాలందరికీ చెప్పింది. పిల్ల పట్టులంగా ఒకటి ఉతికి, తన దండెం మీద తన చీర పక్కనే కర్రతో ఆరేసింది. మడి లంగా అన్నమాట. పిల్ల అన్నానికి ముందు చేతులు కడుక్కుంటే బాగుందనుకున్నాం. అన్నం మధ్యలో లేచి కడుక్కుంటే శుభ్రం అనుకున్నాం. వాళ్ళమ్మ ముద్దుపెడితే చెంప రుద్దుకుంటూ పరుగెత్తితే, "మీ అవ్వకన్నా గట్టి మడి కట్టావే" అని నేనే నవ్వాను. ఇంకో ఇంట్లో అయితే రెండో రోజుకే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం జబ్బు పట్టులంగా కట్టుకుని దర్జాగా తిరిగింది.

తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. చేతులు పగిలి రక్తం వచ్చింది. ఎవరి ఊపిరో పడిందని అన్నం నెట్టేసింది. రోజంతా రెండు బిస్కెట్లు, అవీ కొత్త పొట్లం విప్పితేనే. మెడ ఒక పక్కకి లాగుతూ ఉండేది. ముత్యాల్లాంటి అక్షరాలు రాసే పిల్ల, గీతల్లో పెన్సిలు నిలపలేకపోయింది. అన్నిటికన్నా కష్టం ఆ ప్రశ్న. "అవ్వా, నేను ముట్టుకున్నానా?" ఏమి ముట్టుకుందో తనకే తెలీదు. "లేదు బంగారూ" అనాలి. గొంతు కాస్త మారినా మళ్ళీ మొదటినుంచి. నేను రెండు రోజుల్లో అలిసిపోయి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆవిడ మాత్రం ప్రతిసారీ ఒకే గొంతుతో చెప్పేది, అప్పుడే మొదటిసారి అడిగినట్టు.

డాక్టర్లని చాలామందిని చూశాం. ఒకాయన సెల్‌ఫోన్ అన్నాడు, ఇంకొకాయన గారాబం అన్నాడు. బడిలో కౌన్సెలర్, ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కువయ్యారంది. చివరికి పిల్లల డాక్టరమ్మ ఒకావిడ గొంతునొప్పి ఎప్పుడొచ్చిందని అడిగింది. గొంతులో చేరిన సూక్ష్మజీవి మీద పోరాడాల్సిన ఒంట్లోని రక్షణ సైన్యం పొరపాటున పిల్ల మెదడు మీద పడుతుందని, అందుకే రాత్రికి రాత్రే పిల్ల మారిపోయినట్టు ఉంటుందని చెప్పింది. "దీని మీద మా డాక్టర్లలోనే అందరిదీ ఒక మాట కాదు. అది కూడా మీకు తెలియాలి" అంది. మందులు రాసింది. తగ్గుతుందా అని మా అమ్మాయి అడిగితే, తగ్గొచ్చు, మళ్ళీ జలుబు చేస్తే తిరిగి రావొచ్చు అంది. నిజం చెప్పే డాక్టర్ కావాలని అన్నాళ్ళూ వెతికాం. తీరా దొరికాక అబద్ధం చెప్తే బాగుండుననిపించింది.

ఆ సూక్ష్మజీవి నాకు తెలియనిదేమీ కాదు. ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మ వేసి పాఠం చెప్పాను. ఇంటికొచ్చి పాత క్యాలెండర్ కాగితం వెనక పూసల వరసలా గీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఇదిగో, పిల్లని పట్టుకున్నది ఇది. మీ మడి కాదు."

కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "అచ్చం నా జపమాల మాదిరే ఉండాది కదప్పా" అంది.

"వదినగారూ, ఇది గొంతులో ఉంటుంది. మీ చీర కొంగులో కాదు."

"జ్వరం ఎవరిచ్చిరో నాకు తెలీదు. కడుక్కునేది యాడ నేర్చుకునింది? నన్ను చూసే కదా?"

డాక్టరమ్మతో చెప్పించాను. మడి మాట వినని ఇళ్ళలో పిల్లలకీ ఇదే వస్తుందని ఆవిడ నచ్చచెప్పింది. అల్లుడు చెప్పాడు. మా అమ్మాయి, అత్తగారి చేతులు పట్టుకుని చెప్పింది. అన్నిటికీ మా వియ్యపురాలు తలూపేది. ఇంటర్ తప్పిన పిల్లల బుర్రల్లోకి కూడా పాఠం ఎక్కించానని నాకు కాస్త గర్వం ఉండేది. ఈ ఒక్క మనిషికి ఈ ఒక్క ముక్క ఎక్కించలేకపోయాను.

పిల్లల మానసిక వైద్యురాలు ఇంకో మాట చెప్పింది. ఆ ప్రశ్నకి జవాబివ్వొద్దు. పెద్దవాళ్ళు ఏదో ఒకటి ముట్టుకుని, కడుక్కోకుండా హాయిగా ఉండటం పిల్ల చూడాలి. బలవంతం మాత్రం వద్దు. ఈ పని నేను చేస్తానన్నాను. మడి లేనిదాన్ని, నాకేం కష్టం? మా వియ్యపురాలు ఒప్పుకోలేదు. "నువ్వు ఎట్లాగూ కడుక్కోవు కదా. నీది చూస్తే పాపకి ఏం తెలుస్తాది?" అంది.

మర్నాడు పొద్దున ఆవిడ స్నానం చెయ్యలేదు. రాత్రి పడుకున్న చీరతోనే వంటింట్లోకి వచ్చింది. ఆ ఇంట్లో ఆవిడని అలా నేనెప్పుడూ చూడలేదు. పిల్లని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. గుమ్మం దగ్గరున్న తన చెప్పులని చేత్తో తీసి పక్కన పెట్టింది. అదే చేత్తో దోసె తుంచి నోట్లో పెట్టుకుంది. పిల్ల చెవులు మూసుకుని అరుస్తోంది. నమిలి మింగి, "రుచిగా ఉండాది పాపా" అంది. ఆ పూట పూజగది తలుపులు తెరవలేదు. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "దేవుడు తప్పు పట్టుకుంటాడంటావా?"

"పట్టుకుంటే నాతో మాట్లాడమనండి" అన్నాను.

"నీతో మాట్లాడేదానికి ఆయనకి భయం" అంది. చాలా రోజులకి ఇద్దరం నవ్వాం.

ఇక్కడితో పిల్ల బాగుపడిందని రాస్తే కథ బాగుండేది. బాగుపడలేదు. మందుల వల్లో, మరి దేనివల్లో రెండు నెలలు తేరుకుంది. అన్నం తింది, సైకిల్ తొక్కింది. బడిలో ఎవరికో జలుబు చేసింది. మళ్ళీ మొదటికొచ్చింది. అప్పటినుంచీ ఇంతే. ఇంట్లో ఎవరైనా తుమ్మితే అందరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. మా అల్లుడు కుందలహళ్ళి ఆఫీసు మీటింగులకి బాత్రూం తలుపు బయటి నుంచే హాజరవుతాడు. మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక సెల్లార్‌లో కారాపి, కాసేపు లోపలే కూర్చుని పైకి వస్తుంది. ఎందుకని ఎవరమూ అడగం. ఎండాకాలం ట్యాంకర్లు వచ్చే రోజుల్లో మా ఫ్లాటుకి ఇన్ని నీళ్ళెందుకని అసోసియేషన్ వాళ్ళు గ్రూపులో అడిగారు. "ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు. ఒకరికి మడి, ఇంకొకరికి మతిమరుపు" అని జవాబు పెట్టమన్నాను. అల్లుడు అలాగే పెట్టాడు. ఆవిడ మడి విడిచిపెట్టి అప్పటికి చాలా కాలమైంది.

జవాబివ్వొద్దన్నాక ఆవిడ చేసిన పనల్లా ఆ ముక్కాలిపీట వేసుకుని తలుపు పక్కన కూర్చోవడం. "అవ్వా, ముట్టుకున్నానా?" అని లోపలినుంచి అరుపు. "నేను ఈడనే ఉండా పాపా" అని బయటినుంచి మాట. అది జవాబు కాదు. కాదు గనక డాక్టర్ తప్పు పట్టలేదు. పిల్ల ఏడ్చేది, తిట్టేది, తలుపుని తన్నేది. "ఈడనే ఉండా." దానివల్ల కుళాయి ఒక్కనాడైనా త్వరగా ఆగిందా అంటే చెప్పలేను. లోపల ఆ పిల్ల, బయట ఆవిడ, వంటింట్లో నేను. ముగ్గురిలో ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు.

ఒకరోజు ఆ పీట మీద నుంచే నన్ను పిలిచింది. "వదినా, నేను పోయినప్పుడు పాపకి ఎవురూ మైల అని చెప్పకూడదు. స్నానం చెయ్యమని అనకూడదు. నన్ను ముట్టుకుంటానంటే ముట్టుకోనీండి. మా వాళ్ళు ఊరుకోరు. నీ నోరు మంచిది కాదు కాబట్టి నీకు చెప్తా ఉండా."

"ముందు నేనే పోవచ్చు" అన్నాను.

"నీకు మైల ఎవురు పట్టిస్తారులే" అంది.

హిందూపురం ఇంట్లో ముంగిట నీళ్ళకాగులు పెట్టి ఉన్నాయి. శవాన్ని చూసినవాళ్ళు చూసినట్టే వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుంటున్నారు. మా మనవరాలు పది రోజులుగా మళ్ళీ ఆ జబ్బులోనే ఉంది. తీసుకురావాలా వద్దా అని అమ్మాయీ అల్లుడూ దారంతా వాదించుకున్నారు. పిల్ల గడప దగ్గర చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని నిలబడింది. చాలాసేపటికి తనే వచ్చి, కుడిచెయ్యి బయటికి తీసి, అవ్వ పాదం మీద పెట్టింది. తీసేసింది. నా వైపు చూసింది.

అప్పుడే ఆవిడ చెల్లెలు చెంబుతో వచ్చింది. "పాపకి నీళ్ళు పొయ్యండమ్మా, మై..."

నేను నోరు తెరిచేలోపల మా అల్లుడు అడ్డం వచ్చాడు. ఇంట్లో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. "మా అమ్మ వద్దనింది పిన్నీ. పాపకి ఏమీ లేదు" అన్నాడు. ఆ మాట కొడుక్కీ చెప్పి ఉంచిందన్నమాట. నా నోటికి పని పడలేదు. అల్లుణ్ణి కర్మకి అక్కడ ఉంచి, నేను స్నానం చెయ్యకుండా అమ్మాయితో, పిల్లతో పాటు కారెక్కాను. ఆ ఊళ్ళో నా గురించి ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు.

దారిపొడవునా పిల్ల ఆ కుడిచెయ్యి అరచెయ్యి పైకి పెట్టి ఒళ్ళో ఉంచుకుంది. దాంతో దేన్నీ తాకలేదు. సీటుబెల్టు వాళ్ళమ్మ పెట్టింది. నీళ్ళ సీసా ఎడమచేత్తో పట్టుకుంది. సిల్క్‌బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అడిగింది. "అమ్మమ్మా, ఇది ఎంతసేపు ఉంచుకోవాలి?"

కడుక్కోవాలని అడుగుతోందో, కడుక్కోకూడదని అడుగుతోందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. "నేను ఇక్కడే ఉన్నా తల్లీ" అన్నాను. ఆవిడ నోట్లో ఉన్నట్టు నా నోట్లో లేదు ఆ మాట.

ఇంటికి రాగానే పిల్ల బాత్రూంలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. బాల్కనీలో దండెం మీద, ఎవరూ తియ్యని ఆ చిన్న పట్టులంగా గాలికి కదులుతోంది. నేను ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. పిల్ల నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. ఎడమచెయ్యి కుళాయి మీద ఉంది. కుడిచెయ్యి మాత్రం నీళ్ళకి దూరంగా వెనక్కి, నా వైపు చాచి ఉంది, అరచెయ్యి తెరుచుకుని.