నగరి ఉదయలక్ష్మి గొంతు

నగరిలో మగ్గాల వీధిలో పుట్టిన పిల్లకు మెల్లగా మాట్లాడడం ఎట్లా వస్తుంది చెప్పండి! ఇంట్లో మూడు మగ్గాలు పొద్దస్తమానం దడదడలాడుతుంటే, అన్నం పెట్టమని అడగాలన్నా అరవాల్సిందే. ఉదయలక్ష్మి అరవలేదు, పాడింది. మగ్గాల రొదను దాటుకుని ఆ పాట వీధి చివరిదాకా వినిపించేది. వాళ్ల నాయన వెంకటముని మగ్గం ఆపి మరీ వినేవాడు. మగ్గం ఆపితే కూడూ ఆగుతుందని తెలిసే ఆపేవాడు.

పద్దెనిమిదేళ్లకు చిత్తూరు ఆర్కెస్ట్రాలో చేరి, పెళ్లిళ్లలోనూ జాతరల్లోనూ సినిమా పాటలు పాడింది. ఇరవై రెండేళ్లకు మద్రాసు రైలెక్కింది. అక్కడ పదిమంది వెనక నిలబడి కోరస్ పాడింది. ఒక సినిమాలో నీళ్ల బిందె ఎత్తుకుని నడిచింది. ఇంకోదాంట్లో హీరోయిన్ పక్కన నిలబడి రెండు ముక్కలు మాట్లాడితే, ఆ రెండు ముక్కలకూ వేరే మనిషి గొంతు అతికించారు. "నీ మాటలో సీమ యాస కొడుతోందమ్మా" అన్నారట. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఉన్నదే గొంతు, అదే అక్కర్లేదంటే ఇక తనెందుకు వాళ్లకు? అట్లా ఆరేళ్లు ఓర్చుకుని, పెట్టె సర్దుకుని వచ్చేసింది.

అసలు వేదిక ఊరికి తిరిగొచ్చాకే దొరికింది. చిత్తూరు వైపు వానల కోసం ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు భారతం ఆడిస్తారు. పాకాల దగ్గర ఒక పల్లెలో ద్రౌపది వేషం కట్టే మగాయన మంచాన పడితే ఈమెను పిలిపించారు. ఆఖరి రోజు పట్టపగలు, మిట్ట మీద మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి తొడను భీముడు పగలగొడతాడు. అప్పుడు ద్రౌపది అన్నాళ్లూ విరబోసుకున్న జుట్టు ముడుచుకుంటూ పాడాలి. ఉదయలక్ష్మి పాడితే, అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! చంకలో బిడ్డలున్న తల్లులు కూడా బిడ్డల్ని కిందికి దించి కళ్లొత్తుకునేవాళ్లు. ముప్ఫై ఏళ్లు అదే ఊరు, అదే వేషం. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "ఐదుగురుండారు గదమ్మా నాకు, ఇంకొకడు యాడికి?" అని నవ్వేసేది.

ఒక ఏడాది కథ నడుమ ఆమెకు జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. భారతం మొదలుపెట్టి మధ్యలో ఆపితే ఊరికి అరిష్టమంటారు. కంకణం కట్టుకున్న మనిషి, భయంతో రెండు రోజులు నిద్రపోలేదు. గొంతు కుదుటపడగానే మైకుసెట్టు మునస్వామిని పిలిచింది. "ఇంకెబుడన్నా నాకు గొంతు పోతే కథ ఆగకూడదప్పా. ఈ పాట రికార్డు పట్టి పెట్టుకో" అని తనే కూర్చుని పాడి ఇచ్చింది. తన చేతులారా! ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు.

కరోనా వచ్చి రెండేళ్లు భారతం లేదు. మూడో ఏడు భారతం పెట్టారు గానీ ఆమెకు పిలుపు రాలేదు. భారతం జరిపించే పెద్ద పరంధామయ్యది పాకాలలో చిల్లరకొట్టు. ఆమే అక్కడికి వెళ్లి అడిగింది.

"రేణిగుంట నుంచి స్రవంతి అనే పిల్లను పిలిచినామమ్మా. బాగా ఆడతాది" అన్నాడాయన. "పాటకేముంది, నీ పాట మునస్వామి కాడ ఉండాది గదా. నువ్వు పాడినట్టే."

నువ్వు పాడినట్టే! ఏడవాలో తిట్టాలో తెలియక ఆమె వచ్చిన దారినే వెళ్లిపోయింది. మూడేళ్లు ఆ పిల్ల పెదవులాడించింది, పాట పెట్టెలోంచి వచ్చింది.

ఈ ఏడాదికి ఉదయలక్ష్మికి అరవై నాలుగు. ఆ పాట పాడి ఆరేళ్లయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మళ్లీ తన నోటితో పాడాలి. ఆ కోరిక తప్ప ఆమెకు బతుకులో ఇంకేం మిగల్లేదు. మూడు నెలలు మిరియాల కషాయం తాగింది, చల్లనిది ముట్టలేదు. పరంధామయ్య చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి ఆయన విసుక్కుంటూనే, "సరేలేమ్మా, పిల్ల వేషం కడతాది, నువ్వు తెర పక్కన కూసోని పాడు" అన్నాడు.

ఆఖరి రోజు పదకొండు గంటలకే మిట్ట కిటకిటలాడుతోంది. భీముడు తొడ పగలగొట్టాడు. స్రవంతి జుట్టు చేతిలోకి తీసుకుంది. తెర పక్కన ఉదయలక్ష్మి మైకు అందుకుంది.

మొదటి చరణం బాగానే సాగింది. పైకి ఎత్తాల్సిన చోట గొంతు లేవలేదు. మళ్లీ ఎత్తింది. వణికి, చీలి, దగ్గయి వచ్చింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచి నిలబడింది.

"ఎవురప్పా ఆ పాడేది? సెడగొడతా ఉండారే! ఉదయలక్ష్మి పాట పెట్టండప్పా!"

ఇంకో నలుగురు అందుకున్నారు. ఆపైన మిట్ట మిట్టంతా అందుకుంది. "ఉదయలక్ష్మి పాట! ఉదయలక్ష్మి పాట పెట్టండి!"

ముప్ఫై ఏళ్లలో అంతమంది ఒక్కసారిగా ఆమె పేరు పిలిచింది లేదు. స్రవంతి జుట్టు పట్టుకుని అట్లాగే నిలబడి, బిక్కమొహం వేసుకుని తెర వైపు చూస్తోంది.

"అక్కా, ఏం సేసేది?" అన్నాడు మునస్వామి. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"పెట్టప్పా" అందామె. "కథ ఆగకూడదు."

పాట వచ్చింది. ఎంత బాగుందో! తన గొంతు మీద తనకే కడుపు మండింది. జనం నిశ్శబ్దమైపోయారు, ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆమెకు మాత్రం ఏడుపు కూడా రాలేదు.

జనం కదిలాక ఆ పెద్దావిడే మంచినీళ్ల కోసం తెర పక్కకు వచ్చింది. ఏటా ముందు వరసలో కూర్చునే వరలక్ష్మమ్మ ఆమె. రంగూ కిరీటమూ లేకుండా ఉదయలక్ష్మిని ఎన్నడూ చూసినామె కాదు.

"నువ్వేనా తల్లీ పాడింది? ఏమనుకోవద్దు" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆ పాట ఇంకొకరికి వచ్చేది కాదు. మహాతల్లి, పోయి ఎన్నేండ్లాయనో ఏమో!"

నేనేనమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది. ఏ గొంతుతో అంటుంది? అన్నా ఎవరు నమ్ముతారు?

"ఆరేండ్లాయనమ్మా" అంది ఉదయలక్ష్మి.