ఆ రెండు నిమిషాల మౌనంలో

నేను సైన్స్ టీచర్ని. దెయ్యాలూ ఆత్మలూ లేవని పిల్లలకి చెప్పి చెప్పి, నాకూ ఆ నమ్మకం గట్టిపడింది. ఇప్పుడు రాస్తున్న సంగతి ఆ నమ్మకంలో ఎక్కడా ఇమడదు.

డుంబ్రిగుడ దగ్గర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో పదిహేనేళ్ళు పనిచేశాను. తొంభైలలో సుమిత్ర అనే అమ్మాయి అక్కడ చదివింది. జెండా పండగలకి డ్రిల్లు చేయించేది తనే. ఇంట్లో, ‘వ’ని ‘బ’గా పలికే ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్ళు కాబట్టి ‘విశ్రామ్’ అనడం తనకి వచ్చేది కాదు, ‘బిస్రామ్’ అనేది. నేను దిద్దేదాన్ని. మర్నాడు మళ్ళీ ‘బిస్రామ్’ అనేది.

చదువయ్యాక మిలిటరీలో పనిచేసే కుర్రాడితో పెళ్ళయింది. అతనికి గుజరాత్‌లో, కచ్ వైపు డ్యూటీ. సరిగ్గా అప్పుడే సుమిత్రకి విశాఖపట్నంలో నర్సు ట్రైనింగ్‌కి సీటు వచ్చింది. ఒక శనివారం నా గదికి వచ్చింది.

“మేడమ్, మా నాన్నకి మీరొక మాట సెప్పండి. ట్రైనింగయ్యాక ఎల్తాను. నేను సెప్తే కోప్పడతాడు.”

నాకు విశాఖ రైలుకి టైమవుతోంది. బట్టలు సర్దుకుంటూనే జవాబిచ్చాను. “పెళ్ళయ్యాక మొగుడి దగ్గరుండడమే మంచిదమ్మా. చదువుకేం, తరవాతైనా చదువుకోవచ్చు.”

“సరే మేడమ్” అని వెళ్ళిపోయింది.

2001 జనవరి 26న మేం జెండా ఎగరేసి పిల్లలకి చాక్లెట్ బిళ్ళలు పంచుతున్న వేళకే గుజరాత్‌లో భూకంపం వచ్చింది. సాయంత్రం టీవీలో చూశాం. సుమిత్ర చనిపోయిందని కొన్నాళ్ళకి తెలిసింది. భర్త పరేడ్‌లో ఉన్నాడు, బతికాడు. అద్దె ఇల్లు కూలి ఆమె లోపల ఉండిపోయింది. దహనం అక్కడే చేశారు.

వాళ్ళ నాన్న స్కూలుకొచ్చి, కూతురి ఫోటో ఏదైనా ఉందా అని అడిగాడు. పదో తరగతి గ్రూప్ ఫోటో ఇచ్చాను. ఆ శనివారం సంగతి చెబుదామనుకుంటూనే గేటు దాకా సాగనంపి వచ్చేశాను.

భూకంపం జరిగి ఐదేళ్ళయిన రోజున, జెండా వందనం తరవాత మృతుల కోసం రెండు నిమిషాల మౌనం పాటిద్దామని హెడ్మిస్ట్రెస్ అన్నారు. ఉదయం ఎనిమిదిన్నర దాటింది. మంచు ఇంకా విడలేదు. పిల్లలు సావధాన్‌లో నిలబడ్డారు. నేను వాచీ చూస్తున్నాను.

ఇంకా అర నిమిషం ఉందనగా, వరసల వెనక నుంచి “బిస్రామ్” అని వినిపించింది.

పిల్లలందరి కాళ్ళూ ఒక్కసారే కదిలాయి. ఆ చప్పుడు నాకింకా గుర్తే. డ్రిల్ లీడర్ నావైపు తిరిగి, “నేననలేదు మేడమ్” అంది. మైకు ఆపేసి ఉంది. చివరి వరస పిల్లల్ని విడివిడిగా అడిగాను. మాట తమ వెనక నుంచి వచ్చిందనే అందరూ చెప్పారు. వాళ్ళ వెనక కంచె, ఆ పక్కన వంటగది, అంతే. ఎవరైనా అల్లరికి అని ఉండొచ్చు. అలాగే సర్దిచెప్పుకునేదాన్ని.

కానీ పాతికేళ్ళుగా అక్కడే వండుతున్న లచ్చమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. “మన సుమిత్ర గొంతులా లేదేటి, మేడమ్?” అంది.

“కాదు” అన్నాను. నిజానికి నాకూ అలాగే వినిపించింది.

మధ్యాహ్నం జీపెక్కి సుమిత్ర వాళ్ళ ఊరు వెళ్ళాను. సుమిత్ర నాన్న వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్నాడు. పక్కన కూర్చుని ఆ శనివారం జరిగిందంతా చెప్పాను. నర్సు సీటు, సుమిత్ర అడిగిన మాట, నేనిచ్చిన జవాబు, ఏదీ దాచలేదు.

ఆయన చేతులు ఆగిపోయాయి. “నాకు సెప్పనేదు మేడమ్. సెప్పుంటే ఉంచేద్దును.”

“ఏటందో మళ్ళీ సెప్పండి” అన్నాడు. మళ్ళీ చెప్పాను. కూతురి గురించి తనకి తెలియని మాట అదొక్కటే మిగిలి ఉన్నట్టు విన్నాడు.

“ఇన్నేళ్ళకి ఇయాల ఎందుకు సెప్తన్నారు?”

పొద్దున వినిపించిన గొంతు గురించి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. తల వంచుకుని మళ్ళీ గింజలు నెరపసాగాడు.

ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. అది వినిపించకపోతే మాత్రం, నేను ఆయన వాకిట్లోకి ఎన్నటికీ వెళ్ళేదాన్ని కాదు.