పండు అసలు పేరు

గుడివాడలో పట్టపగలు పులిని చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మరని తెలుసు. చివరిదాకా చదివితే నమ్ముతారు, ఆ తర్వాత మీ పిల్లల్ని మాత్రం నా చేతికివ్వరు. ఇప్పుడిస్తున్న వాళ్ళూ ఎవరూ లేరు లెండి.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి నేనింకా కుర్రాణ్ణి, అరవై ఆరు. హెడ్‌మాస్టరుగా రిటైరై మొవ్వలో ఉంటున్నాను. (నిజం చెప్పాలంటే పదకొండు రోజులు ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టర్ని, మిగతా ముప్ఫై మూడేళ్ళూ లెక్కల మాస్టార్ని. కానీ ఆ పదకొండు రోజులూ బళ్ళో చీమ చిటుక్కుమంటే ఒట్టు. దసరా సెలవులు.)

మా అబ్బాయి కాపురం గుడివాడలో. పిల్లలు ముగ్గురు: నానికి పదేళ్ళు, బుజ్జికి ఎనిమిది, పండుకి ఆరు. ఆ రోజుల్లోనే బైపాస్ పక్కన పాత ధాన్యం గోడౌనుకి రంగులేసి, ఏసీలు బిగించి, పిల్లల ఆటలకోట ఒకటి తెరిచారు. మా వాళ్ళు వారం నుంచి అక్కడికెళ్దామని ఒకటే గోల. ఆదివారం అబ్బాయేమో క్యాంపులో ఉన్నాడు, కోడలు సుజాతేమో నిశ్చితార్థం భోజనానికి వెళ్ళాలి. నేను మీసం దువ్వాను.

"మావయ్యగారూ, ముగ్గుర్నీ మీరొక్కరే చూసుకోగలరా?" అంది సుజాత.

"ఆరొందల మందిని కంటిచూపుతో నిలబెట్టినవాణ్ణమ్మా!" (మా బడి మొత్తం రెండొందల పది మంది. అందులో నిలబడింది సగం.)

"సరేనండి. ఇవాళ ముగ్గుర్నీ క్షేమంగా తెచ్చారంటే వేసవి సెలవుల్లో పది రోజులు మొవ్వ పంపిస్తాను."

ఈ మాట కోసం నేను మూడేళ్ళుగా కాచుకుని ఉన్నాను. అంతకుముందొక వేసవిలో నానికి ఈత నేర్పుతానని కాలవకి తీసుకెళ్ళి, వాడి చెప్పులు మాత్రం ఇంటికి తెచ్చాను. పిల్లాడు వేరే దారిన నాకన్నా ముందే వచ్చి పెరుగన్నం తింటున్నాడు. అయినా సరే, అప్పట్నించీ సుజాత పిల్లల్ని మొవ్వ పొలిమేర తొక్కనివ్వలేదు. పది రోజులు మనవలతో గడపడమంటే నాకు పద్మశ్రీ వచ్చినంత. ఆ పద్మశ్రీ ఇప్పుడు నాలుగు గంటల దూరంలో ఉంది.

ఆటలకోట కౌంటర్లో ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంది.

"పిల్లల పేర్లు సర్?"

"నాని, బుజ్జి, పండు."

"ఫుల్ నేమ్స్ చెప్పండి సర్."

"అవే ఫుల్లు. మా ఇంట్లో సగం సగం పనులుండవు."

ఆ అమ్మాయి నా వంక ఒకసారి చూసి, అవే పేర్లు కాగితప్పట్టీల మీద రాసి పిల్లల చేతులకి అంటించింది. కింద రబ్బరు చుక్కలున్న మేజోళ్ళు వేసుకుంటే గానీ పెద్దవాళ్ళని కూడా లోపలికి రానివ్వరట. తెల్ల పంచె, దాని కింద నిమ్మపండు రంగు మేజోళ్ళు. ఆ అవతారంతో లోపల అడుగుపెట్టాను.

అబ్బో! ఒక పక్క పిల్లలు రబ్బరు పరుపుల మీద మంగలంలో పేలాల్లా ఎగిరిపడుతున్నారు. ఇంకోపక్క నడుంలోతు రంగుబంతుల చెరువు. మొత్తం రొద కలిపితే కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లన్నీ ఒకేసారి ఆన్ చేసినట్టుంది. నేను బెదరలేదు. ముగ్గుర్నీ నిలబెట్టి ఆజ్ఞ జారీ చేశాను.

"నేను పిలవగానే వచ్చి వరసలో నిలబడాలి. నోటి మీద వేలు. నేను తియ్యమనేదాకా వేలు తియ్యకూడదు. తెలిసిందా?"

"తెలిసింది తాతయ్యా!" అంటూ పరుగు తీశారు.

ఆ తర్వాత రెండు గంటలపాటు రెప్పలార్పకుండా కాపలా కాశాను. అక్షరాలా నిజం. అక్కడొక కుర్చీ ఉంది. కూర్చుంటే వీపు దానంతటదే పిసుకుతుంది. అందులో కూర్చుని రెప్పలు ఒక్కసారి మూశాను. మళ్ళీ తెరిస్తే కదా ఆర్పడానికి!

మెలకువ వచ్చేసరికి మా ముగ్గురిలో ఒక్కరూ కనపడలేదు. మేజోళ్ళతో జారుతూ కౌంటరు దగ్గరికెళ్ళి, "అమ్మా, మైకులో పిలు!" అన్నాను.

"నాని, బుజ్జి, పండు... ఎక్కడున్నా కౌంటర్ దగ్గరికి రావాలి. మీ తాతయ్యగారు ఎదురు చూస్తున్నారు."

నాలుగొందల మంది వచ్చారు. సరే, నలభై. మీరలా చూస్తే ఎలాగండీ? ఇరవై రెండు, అంతకన్నా ఒక్కణ్ణి కూడా తగ్గించను. కృష్ణా జిల్లాలో ఇంటికొక నాని, వాకిటికొక బుజ్జి ఉంటారన్న సంగతి నాకప్పటిదాకా తట్టలేదు. నాలోని పదకొండు రోజుల హెడ్‌మాస్టరు నిద్రలేచాడు.

"నానీలు ఇటు! బుజ్జిలు అటు! పండు... పండులు..." పండుకి బహువచనం పండులా, పళ్ళా? లెక్కల మాస్టార్ని, నాకేం తెలుస్తుంది? "అందరూ నోటి మీద వేలు!"

ఇరవై రెండు వేళ్ళు లేచాయి. మా నాని, మా బుజ్జి వరసల్లో దొరికారు. పండులు మాత్రం నలుగురు, నలుగురూ పులులే. అక్కడొక మూల పిల్లల మొహాలకి రంగులేస్తున్నారు. పసుపు మొహం, నల్ల చారలు, మీసాలు. అందులో ఒక పులికి రెండు జడలున్నాయి గనక దాన్ని తీసేశాను. మిగతా మూడింట్లో ఎత్తు చూసి, ఎర్ర చొక్కా చూసి, ఒక పులి చెయ్యి పట్టుకున్నాను.

"తాతయ్యా, వాడు..." అంది బుజ్జి.

"వేలు!" అన్నాను.

బుజ్జి వేలు మళ్ళీ నోటి మీదికి వెళ్ళింది. అయినా మాస్టార్ని కదా, పరీక్ష పెట్టకుండా వదల్లేదు.

"నువ్వు పండువేనా?"

"ఊఁ."

"మీ తాతయ్య పేరేంటి?"

"తాతయ్య."

పాస్ చేసేశాను. పులిని నడిపించుకుంటూ గుమ్మం దాకా వెళ్ళానో లేదో, వెనక నుంచి ఉరుము లాంటి గొంతు.

"ఓ పంతులుగారో! మా పండుగాణ్ణెక్కడికి లాక్కుపోతన్నావు?"

నాగాయలంక నుంచి మనవడి పుట్టినరోజుకి వచ్చిన మామ్మ. చేపల వేలంపాటలో అరిచి అరిచి సానబట్టిన గొంతు అది. ఒక్క అంగలో వచ్చి, చీర చెంగుతో పులి మొహం తుడిచింది. చారల కింద నుంచి నేనెప్పుడూ చూడని పిల్లాడు పళ్ళికిలించాడు.

"ఇందాకట్నించీ చెబుదామనే చూస్తున్నా తాతయ్యా," అన్నాడు నాని వేలి సందులోంచి.

మళ్ళీ మైకు దగ్గరికి పరుగు. "పండూ!" అని మూడుసార్లు పిలిపించాను. మూడుసార్లూ ఆ పులులే వచ్చాయి. మా పులి రాలేదు.

"ముద్దుపేరెట్టి ఎవరు పిలిసినా ఎల్లొద్దని ఇంట్లో సెప్పుంటారయ్యా," అంది మామ్మ. "మావోడు ఇనలేదు, మీవోడు ఇన్నాడు. అసలు పేరెట్టి పిలిపించు."

"అసలు పేరు..." అన్నాను.

"ఏంది, తెలవదా? మావోడు మోక్షిత్ రామ్‌తేజ. ఒకటో తరగతి, బి సెక్షను. నీ మనవడి పేరు నీకు తెలవదా పంతులూ?"

ముప్ఫై మూడేళ్ళు హాజరు పిలిచినవాణ్ణి. తలొంచుకుని ఫోను తీశాను.

"అమ్మాయ్, భోజనాలయ్యాయా?"

"వడ్డిస్తున్నారండి. పిల్లలు బాగానే ఉన్నారా?"

"ఆఁ, ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. అన్నట్టు... ఇక్కడెవరో ఆధార్ వాళ్ళు అడుగుతున్నారు. మన పండు అసలు పేరేంటమ్మా?"

వడ్డన చప్పుడు దూరమైంది. సుజాత పక్కకి వచ్చినట్టుంది.

"మావయ్యగారూ, నిజంగా తెలీకే అడుగుతున్నారా?"

"తెలీకేం. స్పెల్లింగు కోసం."

"ఆ పేరు నేను నోటితో అనకూడదండి."

"అనకూడని పేరేంటమ్మా, విడ్డూరం కాకపోతే!"

"మీ పేరేనండి."

ఇక్కడ మీకొకటి ఒప్పుకోవాలి. బారసాలనాడు వాడికి నా పేరే పెట్టాలని పట్టుబట్టి రెండు పూటలు అన్నం మానేసింది నేనే. (ఒక పూటే. రెండో పూట ఉప్మా తిన్నాను.) మామగారి పేరుతో పిల్లాణ్ణి తిట్టలేక, కొట్టలేక సుజాత వాణ్ణి పండు అంది. ఆరేళ్ళలో నేను కూడా ఇంకో పేరుతో పిలిస్తే ఒట్టు.

"ఆ పేరు నాకూ తెలుసుగా తాతయ్యా," అంది బుజ్జి. "నువ్వే వేలు తియ్యొద్దన్నావు."

కౌంటరు అమ్మాయి గొంతు సవరించుకుంది. "తప్పిపోయిన వీరభద్రరావు ఎక్కడున్నా కౌంటర్ దగ్గరికి రావాలి."

నేను చెయ్యెత్తబోయి ఆపుకున్నాను. బంతుల చెరువు మధ్యలోంచి ఒక పులి తల పైకి లేచింది. తాపీగా ఈదుకుంటూ వచ్చి, వరసలో నిలబడి, నోటి మీద వేలేసుకుంది. ఎత్తుకుని ముద్దులు పెడుతుంటే నా మీసాలకీ పసుపు రంగు అంటుకుంది. అప్పుడు చూశాను, చేతిలో ఫోను ఇంకా కట్ చెయ్యలేదు.

పావుగంటలో పట్టుచీరతో సుజాత దిగింది. పెరుగన్నం దాకా కూడా ఆగలేదు. గుమ్మంలోనే నాగాయలంక మామ్మ ఎదురై పులి సంగతంతా అప్పజెప్పింది. మామగారిని పల్లెత్తు మాట అనే పిల్ల కాదు. నా వైపు చూడనైనా చూడలేదు. సరాసరి పండు ముందు నిలబడింది.

"ఏం వీరభద్రరావూ! ఇంత వయసొచ్చింది, ఇంగితం ఉందా నీకు? పిల్లల్ని గాలికొదిలేసి ఎక్కడ పడుకున్నావు?"

"నేను పడుకోలేదమ్మా," అన్నాడు వాడు.

"నువ్వూరుకో పండూ. నేను వీరభద్రరావుతో మాట్లాడుతున్నాను." ఊపిరి తీసుకుంది. "ఊరి పిల్లల్ని ఎత్తుకుపోతావా వీరభద్రరావూ? పైగా ఆధార్ వాళ్ళొచ్చారని అబద్ధాలా? వేసవికి మొవ్వా లేదు గివ్వా లేదు. అర్థమైందా వీరభద్రరావూ?"

పండు నా వంక చూశాడు. వాడి తరఫున నేనే తలూపాను.

కనక పాఠక మహాశయులారా, కృష్ణమ్మ సాక్షిగా, మిగిలిన నాలుగు వెంట్రుకల మీసం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా వంశంలో ఇకమీదట పుట్టబోయే ఏ పిల్లాడికీ నా పేరు పెట్టమని అడగను గాక అడగను.